గంజి వార్చిన అన్నం: సర్కారు తీరంలో బెరిబెరి చరిత్ర

అన్నం వండేటప్పుడు మన ఇండ్లలో నిత్యమూ జరిగే మూడు పనులను గురించి ఎవరూ అంతగా ఆలోచించరు. బియ్యం మల్లెపువ్వులా ఉన్నవా లేవా అని చూచి కొనడం మొదటిది. ఆ బియ్యాన్ని తెల్లని కడుగు పోయేదాకా రెండు మూడు నీళ్ళతో పిసికి కడగడం రెండవది. ఉడికిన తరువాత గంజి వార్చి పారబోయడం మూడవది. ఇవి శుభ్రతకు, రుచికి సంబంధించిన అలవాట్లని మన నమ్మకం. కాని ఈ మూడూ ఒకే ఇంట్లో, ఒకే కుండలో కలిసి, పక్కన పప్పూ కూరా లేకుండా పోయినప్పుడు ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి ప్రపంచ శాస్త్రజ్ఞులకు సుమారు నూరు సంవత్సరాలు పట్టినది. ఆ నూరు సంవత్సరాల కథలో మొదటి అధ్యాయం, మధ్యలో కొన్ని అధ్యాయాలు మన తెలుగు తీరంలోనే జరిగినవి.

అమృతలూరు ఉన్న నేలను చూడండి. నిన్న మొన్నటిదాకా గుంటూరు జిల్లాలోనిది. 2022 నుంచి బాపట్ల జిల్లాలోనిది. తెనాలి, రేపల్లె, బాపట్ల పట్టణాలను కలుపుతూ గీత గీస్తే మధ్యలో పడే భూమి ఇది. కృష్ణ పశ్చిమ డెల్టా అంటే ఇదే. సార్వాలో ఎటు చూచినా వరి. వరి కోతలు కాగానే ఆ తేమ మీదనే మినుము, పెసర. ఇప్పుడు మనకు ఇది అనాదిగా ఉన్నదనిపిస్తుంది. కాని 1832–33లో ఇదే గుంటూరు సీమ భయంకరమైన కరువుతో తల్లడిల్లినది. బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టడం 1852లో మొదలై 1855లో పూర్తి అయినది. ఆ పని నడిపించినవాడు కెప్టెన్ ఓర్. కాలువ నీరు పారిన చోటల్లా మెట్ట పైరులు వెనుకకు పోయి వరి ముందుకు వచ్చినది. అంతకు పూర్వం చాలామందికి నిత్యాహారం జొన్న, సజ్జ, వరిగ వంటివి. వరి అన్నం కలిగినవారి ఇంట, లేదా పండుగనాడు. కాలువ వచ్చిన తరువాత వరి అన్నం నిత్యభోజనమైనది. అది గౌరవానికీ గుర్తు అయినది. ఆ గౌరవంలో కూడా అంతరాలు ఏర్పడినవి: బియ్యం ఎంత తెల్లగా ఉంటే అంత మర్యాద.

ఆనకట్టకు ఇరవై సంవత్సరాల ముందే, 1835లో, మద్రాసులో ఒక వైద్య గ్రంథం అచ్చయినది. దాని రచయిత జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్, మద్రాసు సైన్యంలో పనిచేసిన వైద్యుడు. విషయం: బెరిబెరి. మద్రాసు వైద్య మండలి ఈ వ్యాధిని గురించి పోటీ పెట్టగా ఈ వ్యాసానికి బహుమతి లభించినది. ఒక వ్యాధిని గురించి పోటీ పెట్టవలసిన అవసరం ఎందుకు కలిగినది? గంజాం నుంచి గుంటూరు వరకు వ్యాపించిన ఉత్తర సర్కారులలో, అందులోను సముద్రానికి దగ్గరగా ఉన్న పట్టీలో, సిపాయిలు ఈ వ్యాధితో పడిపోతున్నారు. మొదట అరికాళ్ళలో తిమ్మిరి, చీమలు పాకినట్లుండడం; తరువాత పిక్కలలో నొప్పి; నడక తడబడడం; చివరకు కాళ్ళు చచ్చుబడడం. దీనిని పొడి బెరిబెరి అంటారు. కొందరిలో కాళ్ళు, ముఖం నీరుపట్టి, ఆయాసం హెచ్చి, గుండె వాచి, ఉన్నట్టుండి ప్రాణం పోతుంది. ఇది తడి బెరిబెరి. పేరు సింహళ భాషలో ‘చేతకాదు, చేతకాదు’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చినదని సాధారణంగా చెబుతారు.

ఆ కాలపు వైద్యులు గాలిని, తేమను, రాత్రి చలిని, సముద్రతీరపు వాతావరణాన్ని అనుమానించారు. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. తీరంలోనే వ్యాధి ఉన్నప్పుడు తీరాన్ని అనుమానించక మరేమి చేస్తారు? తీరంలో గాలి ఒక్కటే కాదు, తిండి కూడా వేరే అన్న ఆలోచన ఇంకా రాలేదు.

ఆ ఆలోచన తూర్పున జపాను నౌకలలో మొదట రూపం దిద్దుకున్నది. జపాను నౌకాదళ వైద్యుడు తకాకి కానెహిరో నావికుల భోజనాన్ని పరిశీలించాడు. 1882–83లో ‘ర్యూజో’ అనే శిక్షణ నౌక దూరప్రయాణం చేసి వచ్చేసరికి 376 మందిలో 169 మందికి బెరిబెరి వచ్చి 25 మంది మరణించారు. 1884లో అదే మార్గంలో ‘త్సుకుబ’ అనే మరొక నౌకను పంపి, తెల్ల బియ్యం తగ్గించి మాంసం, పప్పులు, బార్లీ వంటివి పెట్టించాడు. ఆ ప్రయాణంలో బెరిబెరితో ఒక్కరు కూడా మరణించలేదు. తకాకి మాత్రం కారణం మాంసకృత్తుల కొరత అనుకున్నాడు. కారణం అది కాకపోయినా చికిత్స ఫలించినది. శాస్త్ర చరిత్రలో ఇటువంటివి తరచు కనిపిస్తాయి.

తరువాతి ఘట్టం జావాలోని బటేవియా నగరంలో, అనగా నేటి జకార్తాలో జరిగినది. డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ బెరిబెరికి కారణమైన సూక్ష్మజీవిని వెదుకుతూ కోళ్ళను పెంచుతున్నాడు. 1889లో ఆ కోళ్ళకు కాళ్ళు పడిపోవడం మొదలైనది. కొన్ని నెలల తరువాత ఏ మందూ ఇవ్వకుండానే బాగుపడినవి. విచారిస్తే తేలినదేమంటే, ప్రయోగశాల సహాయకుడు పొదుపు కోసం సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్ల అన్నం తెచ్చి కోళ్ళకు వేసేవాడు. వంటవాడు మారాడు. కొత్త వంటవాడు సైన్యం బియ్యం సైన్యానికి చెందని కోళ్ళకు ఎందుకని ఇవ్వడం మానేశాడు. కోళ్ళు మళ్ళీ తవుడు ఉన్న గింజలు తిన్నవి, లేచి తిరిగినవి. ఒక వంటవాడి పట్టుదల వైద్యశాస్త్రానికి ఇంత మేలు చేసిన సందర్భం మరొకటి ఉన్నట్లు నాకు తోచదు.

కోడికి జరిగినది మనిషికి జరుగుతుందా? ఐక్‌మన్ మిత్రుడు వోర్డర్‌మన్ 1895–96లో జావాలోని 101 కారాగారాలను, సుమారు రెండున్నర లక్షలకు పైబడిన ఖైదీలను పరిశీలించాడు. తవుడు పొర మిగిలిన బియ్యం పెట్టిన చోట బెరిబెరి పదివేలమందిలో ఒకరికి కూడా కష్టంగా ఉన్నది. తెల్ల బియ్యం పెట్టిన చోట దాదాపు ప్రతి 39 మందిలో ఒకరికి వచ్చినది. అయినా తెల్ల బియ్యంలో ఏదో విషం ఉన్నదని, దానికి విరుగుడు తవుడులో ఉన్నదని ఐక్‌మన్ చాలాకాలం భావించాడు. విషం లేదు, తవుడులో ఉన్న అవసరమైన పదార్థమే బియ్యంలో లేకుండా పోయినదని 1901లో ఆయన వారసుడు గ్రైన్స్ సరిగా చెప్పాడు. ఉన్నదాని వలన కాక లేనిదాని వలన జబ్బు రాగలదనే భావం ఇక్కడ స్థిరపడినది. 1912లో ఫంక్ అటువంటి పదార్థాలకు ‘విటమిను’ అనే పేరు ప్రతిపాదించాడు. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి లభించినది.

ఇక మన దక్షిణాది వారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే విషయం మలయాలో కనిపించినది. అక్కడ పనిచేసే చీనా కూలీలు పచ్చి బియ్యం తిని బెరిబెరితో విరివిగా చనిపోతూండగా, పక్కనే ఉన్న తమిళ కూలీలకు అది అరుదు. తమిళులు తినేది ఉప్పుడు బియ్యం. ఈ తేడాను బ్రాడన్ అనే వైద్యుడు 1907లో ప్రకటించాడు. ఫ్లెచర్ అనే మరొక వైద్యుడు కౌలాలంపూరు మానసిక వైద్యశాలలో సగంమందికి పచ్చి బియ్యం, సగంమందికి ఉప్పుడు బియ్యం పెట్టి దాన్నే నిర్ధారించాడు.

ఉప్పుడు బియ్యంలో ఏమున్నది? వడ్లను నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి, తరువాత దంచుతారు లేదా మర ఆడిస్తారు. నానినప్పుడు, ఆవిరి తగిలినప్పుడు తవుడు పొరలోను మొలక భాగంలోను ఉన్న విటమిను నీటితో కలిసి గింజ లోపలికి ఇంకుతుంది. వేడికి గింజలోని పిండి జిగురై బిగుసుకొని దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది. ఆ తరువాత ఎంత తెల్లగా మర ఆడించినా, ఎంత కడిగినా చాలావరకు పోదు. తమిళ, మలయాళ, వంగ దేశాలలో సామాన్యులు ఇదే తిన్నారు. మన కోస్తావారిలో ఎక్కువమంది దాని వాసన ఓర్వలేక పచ్చి బియ్యానికే అంటిపెట్టుకున్నారు. భారతదేశమంతటా వరి తినేవారున్నా, బెరిబెరి స్థిరనివాసం ఏర్పరచుకున్నది ముఖ్యంగా మన సర్కారు తీరంలోనే కావడానికి ఇదే ప్రధాన కారణం.

ఈ విటమిను స్వరూపాన్ని ఛేదించిన రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ విలియమ్స్. ఆయన జన్మస్థలం నెల్లూరు, సంవత్సరం 1886. అమెరికా నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీ దంపతుల కుమారుడు. బాల్యం తెలుగు దేశంలో గడిపి అమెరికా వెళ్ళి రసాయనం చదివి, 1910 ప్రాంతంలో ఫిలిప్పీన్సులోని మనిలాలో ఉద్యోగానికి చేరాడు. అక్కడ వెడ్డర్ అనే సైనిక వైద్యుడు తవుడు నుంచి తీసిన సారాన్ని అతని చేతికిచ్చి, ఇందులో బెరిబెరిని కుదిర్చేది ఏదో వేరుచేయమన్నాడు. చావుబతుకులలో ఉన్న చంటిబిడ్డ నోట్లో ఆ సారం చుక్కలు వేస్తే కొన్ని గంటలలో తేరుకోవడం విలియమ్స్ కళ్ళారా చూశాడు. తరువాత ఆయన అమెరికాలో టెలిఫోను ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళలలో తవుడును వదలకుండా పట్టుకున్నాడు. ఇది ఎంత కష్టమో పాఠకులు ఊహించవచ్చు: వందల కిలోల తవుడు నుంచి దొరికేది మిల్లీగ్రాముల లెక్కలో. 1926లో జాన్సెన్, డోనాత్ అనే ఇద్దరు జావాలో మొదటి స్ఫటికాలు తీశారు. 1936లో విలియమ్స్ దాని నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలో తయారు చేసి చూపాడు. అందులో గంధకం ఉన్నందున దానికి థయమిను అని పేరు వచ్చినది. మనం బి-1 అంటున్నది ఇదే. ఆయన తమ్ముడు రోజర్ విలియమ్స్ ఉదకమండలంలో పుట్టి, పాంటోథెనిక్ ఆమ్లమనే మరొక బి విటమినును కనిపెట్టాడు.

థయమిను చేసే పని ఏమిటి? మనం తిన్న అన్నం పిండి పదార్థం. అది శరీరంలో చక్కెరగా మారి, చక్కెర పైరువిక్ ఆమ్లంగా విరిగి, ఆ ఆమ్లం జీవకణాలలో దహనమైతేనే శక్తి పుడుతుంది. ఈ చివరి మెట్టు ఎక్కడానికి థయమిను సహాయం కావాలి. అది లేకపోతే పొయ్యిలో కట్టెలు పేర్చి నిప్పు పెట్టనట్లు, అన్నం కడుపు నిండా ఉన్నా శక్తి పుట్టదు. పైరువిక్, లాక్టిక్ ఆమ్లాలు పోగుపడతాయి. ఎడతెగక పనిచేసే గుండె, చక్కెర మీదనే ముఖ్యంగా ఆధారపడే నరాలు, మెదడు ముందుగా దెబ్బతింటాయి. థయమిను లేని పావురాల మెదడులో ఈ మార్పును ఆక్సుఫర్డులో పీటర్స్ 1930లలో నిరూపించాడు. ఇలా పుట్టిన శక్తిని కణాలు దాచుకొనే రసాయనం అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. దాన్ని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఇందులో గమనించవలసిన మెలిక ఒకటున్నది. అన్నం ఎక్కువ తిన్నకొద్దీ దాన్ని దహించడానికి థయమిను ఎక్కువ కావాలి. కనుక కూర, పప్పు లేక ఉత్త అన్నమే ఎక్కువగా తినే పేద కూలీకే లోటు మరింత ఎక్కువ. శరీరంలో దీని నిలవ కూడా 30 మిల్లీగ్రాముల లోపే. సంపాదన లేని ఇల్లు నిలవ ధాన్యంతో రెండు మూడు వారాలు నడిచినట్లు నడుస్తుంది. ఆ పిమ్మట లేదు. అందువల్లనే దీనికి సంబంధించినంతవరకు పండుగ భోజనం లెక్కలోనికి రాదు, రోజువారీ అలవాటే లెక్క.

లెక్క వేసి చూద్దాం. జాతీయ పోషకాహార సంస్థవారి ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి దంపుడు బియ్యంలో థయమిను 0.21 మిల్లీగ్రాము. మరలో తెల్లగా ఆడించిన పచ్చి బియ్యంలో 0.06. మర ఆడించిన ఉప్పుడు బియ్యంలో 0.21. తవుడులో అయితే 2.7. రోజుకు అర కిలో బియ్యం తినే మనిషికి దంపుడు బియ్యం వల్ల 1.05 మిల్లీగ్రాములు వస్తే, తెల్ల బియ్యం వల్ల 0.30 మాత్రమే. పెద్దవారికి సుమారు 1.2 మిల్లీగ్రాములు కావాలి. ఆ 0.30లో కూడా పిసికి కడిగినందువల్ల దాదాపు సగం కడుగునీళ్ళలో పోతుంది. మిగిలినదానిలో కొంత గంజితో పోతుంది. ఇంట్లో కుడితి తొట్టి దగ్గర నిలబడి చూస్తే ఈ లెక్క కంటికే కనిపిస్తుంది. మర నుంచి వచ్చిన తవుడు తొట్టిలో పడుతుంది, బియ్యపు కడుగు తొట్టిలో పడుతుంది, వార్చిన గంజి తొట్టిలో పడుతుంది. అవన్నీ గేదె తాగింది. డెల్టా గేదెలకు బెరిబెరి వచ్చినట్లు ఎవరూ వ్రాయలేదు.

ఇక్కడ ఒక సందేహం కలగక మానదు. 1835 నాటికి మన దేశంలో ధాన్యం మరలే లేవు గదా, అన్నీ దంపుడు బియ్యమే గదా, మరి మాల్కమ్‌సన్ నాటి సిపాయిలకు జబ్బు ఎందుకు వచ్చినది? దంపుడు బియ్యం అనగానే తవుడంతా నిలిచి ఉన్నదని అనుకోరాదు. రోట్లో వడ్లు పోసి ఒక పట్టు దంచితే ఊక పోయి ముడిబియ్యం వస్తాయి. వాటిని మళ్ళీ దంచి చెరిగితే తవుడు పోతుంది. ఇంకొక పట్టు వేస్తే మర బియ్యానికి దగ్గరగా తెల్లబడతాయి. కలిగినవారికి, కొలువులో ఉన్నవారికి అంత తెల్లని బియ్యమే గౌరవం. ఆ పైన కడుగు, ఆ పైన వార్పు. ఆ సిపాయిలు కొని తెచ్చుకున్న బియ్యం అటువంటిదై ఉంటుందని, దానికి తోడు పప్పు, కూర స్వల్పమని నా అభిప్రాయం. అందుచేత రోకలిని దైవంగాను, మరను రాక్షసిగాను చిత్రించే వాదం నాకు రుచించదు. తేడా పనిముట్టులో లేదు, ఎంత తవుడు తీశామన్నదానిలో ఉన్నది. అయితే చేతులు నొప్పి పుట్టినప్పుడు రోకలి దానంతట అది ఆగుతుంది. మరకు ఆ నొప్పి లేదు.

మరలు వచ్చిన తీరు కూడా చెప్పుకోవాలి. బ్రెజిల్ దేశానికి చెందిన ఎంగెల్‌బర్గ్ పేరిట 1880లలో తయారైన హల్లరు యంత్రం ఊకను, తవుడును ఒకే దెబ్బకు ఊడదీస్తుంది. ఇరవయ్యవ శతాబ్దం మొదటి భాగంలో ఇటువంటి మరలు మన డెల్టా పట్టణాలకు, పెద్ద గ్రామాలకు వ్యాపించినవి. తెనాలి బియ్యపు వ్యాపారానికి పేరుపొందినది. మర బియ్యం గెలవడానికి కారణాలు బలమైనవే. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ముడిబియ్యం నిలవ ఉంటే ముక్కిపోతాయి, పురుగు త్వరగా పడుతుంది. తెల్ల బియ్యం బస్తాలకెత్తి దూరదేశాలకు పంపవచ్చు. ఇంకొక కారణం వ్రాసేవారు తరచు మరచిపోతారు. కోడికూతకు ముందే లేచి వడ్లు దంచేది ఆడవారు. ఇంట్లో పదిమందికి సరిపడే బియ్యం రోజూ దంచడం ఎంత కష్టమో ఆ చేతులకే తెలుసు. మర వారికి ఆ శ్రమ తప్పించినది. అదే సమయంలో దంపుళ్ళకు పోయి కూలి గింజలు తెచ్చుకొనే పేద స్త్రీల బత్తెం కూడా పోయినది.

గాంధీజీ 1934లో స్థాపించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యం ప్రచారాన్ని తన కార్యక్రమంలో ముఖ్యంగా పెట్టుకున్నది. స్వాతంత్ర్యం తరువాత 1958లో బియ్యపు మరల నియంత్రణ చట్టం వచ్చినది. దాని ఉద్దేశాలలో దంపుడు పరిశ్రమ రక్షణ కూడా ఉన్నది. ఆ చట్టం 1997లో రద్దైనది. ఈలోగా తెల్ల బియ్యపు రుచి చట్టాలకు లొంగలేదు.

ఇప్పుడు కూనూరుకు వెళ్దాం. నీలగిరి కొండలలోని ఈ ఊరిలో, పాశ్చర్ సంస్థలో ఒక గదిలో, 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి పరిశోధన ఆరంభించాడు. బియ్యానికీ, భారతదేశంలోని బెరిబెరికీ సంబంధం ఏమిటన్న అంశం మీద ఆయన, నారిస్ కలిసి 1924లో ఒక గ్రంథం ప్రకటించారు. ఆ గదే క్రమంగా పోషకాహార పరిశోధనశాలలుగా పెరిగినది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. తార్నాకలో ఆ భవనాల ముందునుంచి వెళ్ళేవారికి అది బెరిబెరి కోసం పుట్టిన సంస్థ అని తెలియకపోవచ్చు.

1935లో మెకారిసన్ తరువాత వచ్చిన ఎయ్‌క్రాయిడ్, ఆయన సహచరులు 1940లో భారతదేశపు బియ్యం సమస్యను గురించి ఒక వివరమైన గ్రంథం వెలువరించారు. ఏ బియ్యంలో ఎంత థయమిను, కడిగితే ఎంత పోతుంది, వండితే ఎంత పోతుంది అన్న కొలతలు అందులో ఉన్నవి. 1941లో ఎయ్‌క్రాయిడ్, కృష్ణన్ కలిసి మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతంలో శిశుమరణాలను గురించి మరొక వ్యాసం ప్రకటించారు. ఈ చరిత్రలో నా దృష్టిలో అన్నిటికంటె బరువైన అంశం ఇదే.

శిశు బెరిబెరి వచ్చిన బిడ్డ ఎండిపోయి ఉండడు. తల్లి పాలు తాగుతూ, బొద్దుగా, రెండు మూడు నెలలదాకా చక్కగా పెరుగుతాడు. ఒకనాడు పాలు కక్కుతాడు, అదేపనిగా ఏడుస్తాడు. తరువాత ఆ ఏడుపు బొంగురు పోతుంది. నోరు తెరిచి ఏడుస్తున్నా శబ్దం రాదు. ఆయాసం, పెదవులు నీలం కావడం, కొన్ని గంటలలో మరణం. తల్లికి ఏ జబ్బూ పైకి కనిపించదు. ఆమె శరీరంలోని థయమిను తనకు బొటాబొటిగా సరిపోతుంది, పాలలోకి దిగదు. బాలింతకు వాతమని పప్పు, ఆకుకూర మాన్పించి, తెల్లని పాతబియ్యపు అన్నంలో కారప్పొడి, నెయ్యి మాత్రమే పెట్టే పథ్యం ఈ లోటును ఇంకా పెంచుతుంది. ఇది తల్లి బిడ్డల మీద ప్రేమతో, జాగ్రత్తతో పెట్టే పథ్యం. తల్లిపాలను తప్పుపట్టి బిడ్డను పోతపాలకు మార్చడం దీనికి సమాధానం కాదు. తల్లి భోజనంలో పప్పు పడడమే సమాధానం. సమయానికి గుర్తించి థయమిను సూది వేస్తే అదే బిడ్డ కొద్ది గంటలలో తేరుకుంటాడు. గుర్తించనప్పుడు దిష్టి అనో, గాలి అనో ఇంటివారు అనుకొన్న బిడ్డలు ఎందరో లెక్క చెప్పేవారు లేరు.

అలవాట్లలో మేలు చేసినవి కూడా మన వంటింట్లోనే ఉన్నవి, వాటిని విడిచిపెట్టి చరిత్ర చెప్పడం న్యాయం కాదు. మొదటిది అత్తెసరు. ఎసరు సరిగా కొలిచి పోసి, గంజి వార్చకుండా ఇగిర్చే పద్ధతి ఇది. నీటిలో కరిగినది ఎక్కడికీ పోదు, అన్నంలోకే తిరిగి వస్తుంది. నేటి కుక్కరు కూడా ఒక విధంగా అత్తెసరే. ఇష్టం ఉన్నా లేకున్నా గంజి వార్చే అలవాటును పట్టణాలలో అది మాన్పించినది.

రెండవది తరవాణి. వార్చిన గంజిని కుండలో పోసి పులియనిచ్చి, పొద్దుటిపూట చద్దన్నంలో ఉప్పు, ఉల్లిపాయతో పోసుకొని తాగడం మన పల్లెలలో పేదలకు నిత్యకృత్యం. పులిసినప్పుడు పెరిగే లాక్టిక్ సూక్ష్మజీవులు గంజిని పుల్లబరుస్తాయి. ఆ పులుపులో థయమిను చెడదు. కలవారు కుడితిలో పోసినదాన్ని పేదవారు తరవాణిలో దాచుకున్నారు. కుండను ఎప్పటికప్పుడు కడిగి, మంచినీళ్ళు వాడితే ఇందులో భయపడవలసినది లేదు.

మూడవది మాగాణిలో రెండవ పంట. వరి తరువాత చల్లే మినుము, పెసర భూమికి నత్రజని ఇస్తాయని వ్యవసాయ విద్యార్థులు చదువుతారు. తినేవారికి థయమిను ఇస్తాయి. 100 గ్రాముల మినపప్పులో 0.42, కందిపప్పులో 0.45, వేరుసెనగలో 0.90 మిల్లీగ్రాములు ఉన్నవి. వరి తరువాత మినుము పండించే నేలలో మినపరొట్టె, ఇడ్లి, సున్నుండ ఇంటి తిండి కావడం వల్ల కొందరికైనా తెల్ల బియ్యపు లోటు తెలియకుండా పూడినదనుకుంటాను. పప్పులో చింతపండో, మామిడికాయో, గోంగూరో వేయడం మన అలవాటు; ఆ పులుపు కూడా థయమినుకు మిత్రమే. దానికి శత్రువు వంటసోడా. ఉప్పునీటి ఊళ్ళలో పప్పు త్వరగా ఉడకాలని చిటికెడు సోడా వేస్తారు. పప్పు మెత్తబడుతుంది, థయమిను నశిస్తుంది. భోజనం కాగానే చిక్కటి టీ తాగడం, వక్క నమలడం కూడా దీన్ని కొంత చెడగొడతాయని 1970లలో థాయిలాండు పరిశోధకులు చూపారు.

బెరిబెరి మన తీరం నుంచి ఎట్లా వెళ్ళిపోయినది? ఒక ఉద్యమం వల్ల కాదు, ఒక చట్టం వల్ల కాదు. ఇరవయ్యవ శతాబ్దం రెండవ సగంలో అది మెల్లగా కనుమరుగైనది. బియ్యం మాత్రం ఇంకా తెల్లబడినవి. బాపట్ల వ్యవసాయ పరిశోధన స్థానంలో రూపొంది 1986లో విడుదలైన సాంబమసూరి, అదే బీపీటీ 5204, సన్నబియ్యానికి దేశమంతటా పర్యాయపదమైనది. దాన్ని ఎంత పాలిషు పడితే అంత ధర. అయినా జబ్బు పోవడానికి కారణం, కూలి పెరిగి కంచంలో అన్నం వాటా తగ్గి పప్పు, పాలు, గుడ్డు, కూర వాటా పెరగడమేనని చెప్పవచ్చు. విషం లేదు, లోటే ఉన్నదని గ్రైన్స్ చెప్పినది ఇక్కడ మరొకసారి ఋజువైనది: తెల్ల బియ్యం అలాగే ఉన్నవి, లోటు మరొక దారిలో పూడినది.

పూడిన లోటు మళ్ళీ తెరుచుకోదని లేదు. అన్నం మాని మద్యం మీద బ్రతికేవారిలో థయమిను లోపం వల్ల వచ్చే మెదడు వ్యాధిని వెర్నికె 1881లోనే వర్ణించాడు. ఈనాడు మన ఆసుపత్రులలో థయమిను సూది ఎక్కువగా వాడేది అటువంటి రోగులకే. కాశ్మీరులోను, కర్ణాటకలోను ఇటీవలి సంవత్సరాలలో చంటిబిడ్డలలో శ్వాస, గుండె, మెదడు దెబ్బతిన్న కొన్ని కేసులు థయమినుతో అద్భుతంగా కుదిరినవని వైద్యులు ప్రకటించారు. అక్కడ కూడా తల్లుల భోజనం తెల్ల బియ్యం, కఠినమైన పథ్యం.

నెల్లూరులో పుట్టిన విలియమ్స్ తన జీవితం చివరి భాగంలో ఈ సమస్యకు ఒక పరిష్కారం ప్రయత్నించాడు. తెల్ల బియ్యాన్ని మాన్పించడం సాధ్యం కాదు కనుక, పోయిన థయమినును తిరిగి బియ్యంలో కలపాలన్నాడు. 1948లో ఫిలిప్పీన్సులోని బటాన్ ప్రాంతంలో ఆ విధంగా బలపరచిన బియ్యం పంచితే బెరిబెరి మరణాలు బాగా తగ్గినవి. మన దేశంలో కూడా రేషను దుకాణాల ద్వారా బలవర్ధక బియ్యం ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రకటన జరిగినది. పిండితో చేసిన బియ్యపు గింజలలో సూక్ష్మపోషకాలు కలిపి, వంద గింజలకు ఒక గింజ చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. ఆ గింజలో తప్పనిసరిగా ఉండవలసినవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి-12. థయమిను వేయడం వేయకపోవడం తయారీదారు ఇష్టం. ఆ గింజలు తేలికగా కనిపిస్తే ప్లాస్టిక్కేమోనని అనుమానించి చేటలో ఏరి పారేసే ఇండ్లు కూడా ఉన్నవి. ఇక మర తీసిన తవుడు ఈనాడు గేదెకు కూడా పూర్తిగా దక్కడం లేదు. లారీలకెత్తి తవుడునూనె కర్మాగారాలకు పంపుతున్నారు.